సంపులో నీళ్ళు ఎక్కడికీ పోవు

ఆగస్టు 6, బుధవారం

నిన్న మంగళవారం, దవాఖానాలో రక్త పరీక్షల రోజు. కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది. ఒక్క పేరు ఎక్కడానికి బీడీ కాల్చి పారేసినంత సేపు పట్టింది. తండాల నుంచి, గూడేల నుంచి తెల్లవారకముందే వచ్చి వరండాలో చెప్పులు వరస పెట్టుకున్న జనం పొద్దు గుంకే దాకా అక్కడే కూర్చున్నారు. వానాకాలం. చీకటి పడితే వాగు దాటలేరు. డాక్టరమ్మ రాజ్యశ్రీ గారు సర్వర్ గది దగ్గరికి వచ్చి నా బిడ్డ అక్సాను అందరి ముందే అడిగింది.

"అక్సా, ఈ కంప్యూటర్ వచ్చాక పనులు తొందరగా అవుతాయన్నావు. పాత చీటీలే నయం అంటున్నారు జనం."

అక్సా తల వంచుకుంది. ఈ దవాఖానాలో కంప్యూటర్లన్నీ చూసేది అదొక్కతే. నాకు కోపం వచ్చింది కానీ డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు.

నేను బాయిలో పంపు ఖలాసీని. బొగ్గు బాయిలో నీళ్ళు ఎత్తిపోసినవాణ్ణి. నా పంపు ఉన్న చోట ఎవడి మోకాలూ తడవలేదు. ఇక్కడ జనరేటర్, బ్యాటరీలు చూడమని పెట్టుకుని వాచ్‌మన్ అని పిలుస్తారు. వాచ్‌మన్ కాదు.

నా పెండ్లాం సంపూర్ణ చెప్పు పట్టీ తెగింది. కొత్తవి అడిగింది. బాయిలో మందు పేల్చే తీగ నా పెట్టెలో ఇంకా ఉంది, సగం ఎరుపు సగం పసుపు. దానితో చుట్టి ముడి వేశాను. ఆ ముడి ఊడదు.

"నేను సచ్చినంక గూడ ఈ తీగతోనే కట్టి పెట్టెల పెడతవు" అంది.

"పెట్టె ఊడకుంట ఉంటది" అన్నాను.

నవ్వింది. నవ్వితే కూడా ఆయాసపడుతోంది. ఒళ్ళు వంగక.

ఆగస్టు 8, శుక్రవారం

అక్సా అన్నం తింటూ కూడా ఫోనులో అదే చదువుతోంది. ఏందే అంటే చెప్పింది. అర్థం కాదనుకుంది. నాకెందుకు అర్థం కాదు.

"సర్వర్ల మెమొరీ మస్తుగున్నది నాయినా. డేటాబేస్‌కు ఇచ్చింది గుక్కెడు. పెట్టినోడు డబ్బాల ఎట్లొస్తె అట్లనే పెట్టిపోయిండు. ప్రతి పేరుకు డిస్కు దగ్గరికి ఉరికి ఉరికి వస్తున్నది."

"ఐతే మొత్తం ఇయ్యరాదు."

"మొత్తం ఇస్తె తతిమ్మ పనులకు ఊపిరాడదు. నాలుగో వంతు ఇస్త. కౌంటర్లన్ని ఆ ఒక్క జాగనే కలిసి వాడుకుంటయ్. షేర్డ్ మెమొరీ అంటరు."

ఇంకోటి కూడా ఉందట. డిస్కులోనే చిన్న తొట్టిలాంటిది. రాయమని పంపితే తొట్టిలో వేసుకుని 'రాసిన' అని చెప్పేస్తుంది. అసలు రాత తర్వాత తీరిగ్గా రాసుకుంటుంది. దాన్ని క్యాష్ అంటారు. ఇన్నాళ్ళూ ఆపి ఉంచారు. అది తెరిస్తే పని పరుగెత్తుతుందట.

"రాయకుంటనే రాసిన అంటదా? గసొంటి అబద్ధాలకోరును ఎందుకు పెట్టుకుంటవే?"

"జల్దీ అయితది గద నాయినా. జనం చీకటి పడకముందు ఇంటికి పోవాలె గద."

అప్పుడు అర్థమైంది. బాయిలో నీళ్ళు అన్ని మూలల నుంచీ కాలవ పట్టి వచ్చి సంపులో చేరతాయి. అక్కడి నుంచి పంపు పైకి కొడుతుంది. సంపు లేకుండా పంపు ఒక్కో ధారకు పరుగెత్తితే పని జరుగుతుందా.

"అంటే సంపు అన్నట్టు" అన్నాను.

"అవ్ నాయినా, గట్లాంటిదే" అంది. తల ఎత్తలేదు. కొంచెంసేపటికి "కరెంటు మాత్రం పోవద్దు. బ్యాటరీలు నీ చేతుల్నే ఉన్నయ్" అంది.

నా చేతుల్లో ఉన్నదానికి ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ప్రార్థన గుడిలో పాటకు అందరూ లేచారు. సంపూర్ణ లేవలేదు. పాస్టరమ్మ చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి వచ్చాక అడిగితే మోకాళ్ళంది. పినపాకలో ఆర్‌ఎంపీ ఇచ్చే తెల్ల గోళీలు పొద్దునా సాయంత్రం మింగుతూనే ఉంది. మరి ఆ మోకాళ్ళు ఎప్పుడు బాగుపడతాయి.

దారిలో రెండు చోట్ల కూర్చుంది.

"ఏమయ్యా, మంగళారం పరీక్షలు మనసొంటోళ్ళకు గూడ చేస్తరా?"

"ఉత్తగొస్తె ఫినాయిల్ గూడ తాగుతవా? అది అడవిలోల్ల కోసం పెట్టిన లైను. పంపు ఖలాసీ పెండ్లం పోయి అండ్ల చెప్పులు పెడతదా? మనింట్ల ఎవలికి ఏ రోగం లేదు."

సరే అంది. నేనన్నదాంట్లో తప్పేముంది.

ఆగస్టు 11, సోమవారం

అక్సా నిన్న సెలవు పూట కూర్చుని అన్నీ మార్చింది. మెమొరీ నాలుగో వంతు ఇచ్చింది. డిస్కు తొట్టి తెరిచింది. ఈరోజు మందుల కౌంటర్ దగ్గర మనిషి చెయ్యి చాపేలోపు బిల్లు వచ్చింది. డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసి 'శభాష్' అంది. అక్సా ముఖంలో నవ్వు చూసి ఎన్ని నెలలైందో.

బ్యాటరీల్లో నీళ్ళు గీత కిందికి పోయాయి. పలకలు ఎండితే బ్యాటరీలే పోతాయి. రేపు పోయాలి.

ఆగస్టు 12, మంగళవారం

ఈరోజు ఏమీ రాయను.

సంపులో నీళ్ళు ఎక్కడికీ పోవు.

ఆగస్టు 13, బుధవారం

రాస్తాను. ఎందుకు రాయకూడదు. నేనేమీ దొంగతనం చేయలేదు.

నిన్న పొద్దుటి నుంచీ బ్యాటరీల గదిలోనే ఉన్నాను. వరండా వైపు వెళ్ళలేదు. ఒక్కో బ్యాటరీ మూత తీసి తుడిచి పెట్టుకున్నాను. నీళ్ళు పోసే ముందు బ్యాటరీల నుంచి కరెంటు ఇచ్చే మిషను ఆపాలి. నడిచే మిషను మీద చెయ్యి వేయొద్దని బాయిలో మొదటిరోజు నేర్పిన మాట. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అందుకే ఆపాను. నీళ్ళు పోశాను. మళ్ళీ వేశాను. చుట్ట వెలిగించుకున్నంత సేపు కూడా కాలేదు. బాయిలో వాల్వు బాగుచేయడానికి పంపు ఆపితే సంపులో నీళ్ళు ఎక్కడికి పోతాయి? కొంచెం పెరుగుతాయి. మళ్ళీ పంపు వేస్తే ఎత్తిపోస్తుంది. అంతే.

అక్సా పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల డాక్టరమ్మ. అక్సా చెప్పుల్లేకుండా వచ్చింది.

"కరెంటు ఎవలాపిండ్రు?"

"నేనే ఆపిన. ఐతే ఏంది? మల్ల ఏసిన గద."

అది నా ముఖం చూసింది. వెనక్కి వెళ్ళింది. సర్వర్ ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. తినలేదు.

ఇంటికొచ్చాక చెప్పింది. "సంపు కాదు నాయినా అది. సంపుల నీళ్ళు ఉంటయ్. ఇది కరెంటు ఉన్నంతసేపే ఉంటది. కరెంటు పోతె అండ్ల ఉన్నది ఆవిరే. కొంత రాసింది, కొంత రాయలే. సగం సగమై మొత్తం చిక్కు పడ్డది. లేవనే లేవలే. సోమారం రాత్రి తీసిపెట్టిన కాపీ ఎక్కిచ్చిన. ఇయ్యాలటి పేర్లు ఒక్కటి గూడ లేవు."

"నువ్వే గద అవ్ అన్నవు."

"అవ్ నాయినా. నువ్వు సంపు అన్నవ్, నేను అవ్ అన్న. నాదే తప్పు."

దాని తప్పని అదే అంది. నేననలేదు.

అసలు పాడు యంత్రం అది. కరెంటు పోతే మరిచిపోయేదాని చేతిలో మనుషుల పేర్లు పెడతారా ఎవరైనా.

ఆగస్టు 14, గురువారం

పొద్దున డాక్టరమ్మ అందరినీ పిలిచింది. నన్ను కూడా.

రక్తం గొట్టాలన్నీ ల్యాబులో ఉన్నాయి. ఒక్కోదానికి నంబరు అంటించి ఉంది. ల్యాబు మిషను వేరే, దానికేమీ కాలేదు, ఫలితాలు వచ్చాయి. కానీ ఏ నంబరు ఎవరిదో కంప్యూటర్‌లోనే ఉండేది. చీటీలు ఇవ్వడం మానేశారు కదా, పేరు చెబితే చాలని. మొన్న పేర్లు రాసిందీ రక్తం తీసిందీ పాల్వంచ నుంచి వచ్చిన నర్సింగ్ పిల్లలు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఎవరి ముఖమూ గుర్తు లేదన్నారు.

"అందరికీ మళ్ళీ తీస్తాం, అది పెద్ద సంగతి కాదు" అంది డాక్టరమ్మ. "కానీ ముప్పై ఒకటో నంబరు ఉంది. హిమోగ్లోబిన్ నాలుగు. పన్నెండు ఉండాల్సిన చోట నాలుగు. ఈ మనిషి నడుచుకుంటూ ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. రక్తం ఎక్కించకపోతే ఏ రోజైనా గుండె ఆగిపోవచ్చు. వచ్చే మంగళవారం దాకా ఆగలేం."

అందరూ నన్ను చూస్తారనుకున్నాను. ఎవరూ చూడలేదు. అది ఇంకా పాడుగా ఉంది.

అంబులెన్సు నడిపే పగిడయ్య తల గోక్కున్నాడు. కోయ పిల్లాడు, ఈ చుట్టుపక్కల ఏ ఇల్లు ఎక్కడుందో వాడికి తెలుసు.

"చెప్పుల లైను ఉండె గద మేడం. ఎవని ముందర ఎవని చెప్పులున్నయో ఎవడు మర్శిపోడు. దానికోసమే గద తన్నుకునేది."

"అందరినీ అడుగుతూ పోతే ఎన్నాళ్ళు పడుతుంది పగిడయ్యా?"

అప్పుడు ల్యాబు అమ్మాయికి గుర్తొచ్చింది. ముప్పై రెండో నంబరు గొట్టం కిందపడి పగిలింది. ఆ మనిషికి రెండోసారి తీయాల్సి వచ్చింది. పెద్ద మీసాలాయన. ముందు తీసిన రక్తం మళ్ళీ లోపల పోస్తేనే చెయ్యి ఇస్తానని లొల్లి పెట్టాడట.

పగిడయ్య చప్పట్లు కొట్టాడు. "హాతీరాం. వాగు అవతల తండా. గసొంటి లొల్లి ఇంకెవడు పెడతడు. ఆయన ముందర ఎవని చెప్పులున్నయో అదే మన మనిషి."

నేను కూడా వస్తానన్నాను. ఎవరూ వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

రాత్రి అన్నాల దగ్గర సంపూర్ణకు సంగతి చెప్పాను. ఎవరో తండా పిల్ల అయి ఉంటుందన్నాను. రక్తం లేనిది ఆ పిల్లలకే కదా.

"దేవుడా, ఎవల బిడ్డో" అంది. కంచంలో అన్నం అట్లాగే ఉంది.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా దగ్గర ఆగకుండానే బయలుదేరాం. వాన ఆగడం లేదు. వాగు రోడ్డు మీదుగా పోతోంది. ఎర్రటి నీళ్ళు, దుంగలు కొట్టుకొస్తున్నాయి. పగిడయ్య బండి దిగి గట్టున నిలబడి అవతలికి కేకలు వేశాడు. అవతల గొడ్లు కాసే మనిషి ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"హాతీరాం ఉన్నడా?"

"లేడు. ములకలపల్లి పోయిండు. బిడ్డ ఇంటికి."

"ఎప్పుడొస్తడు?"

"వాగు తగ్గినంక. ఇప్పుడెట్లొస్తడు, చేపనా?"

పగిడయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నీళ్ళనే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళంటే నాకు భయం లేదు. ఎంత నీళ్ళొచ్చినా ఎత్తిపోయగలననుకునేవాణ్ణి. ఈ వాగు అవతలెక్కడో ఒక పిల్ల పడుకుని ఉంటుంది, పెదాలు తెల్లగా. వాళ్ళమ్మ జ్వరం అనుకుంటుంది. పసరు పోస్తుంది. దవాఖానాకు వెళ్ళి వచ్చాం కదా, ఏమీ లేదన్నట్టే కదా, ఉంటే ఫోన్ చేసేవాళ్ళు కదా అనుకుంటుంది.

"ములకలపల్లికి ఇటు దిక్కు నుంచి రోడ్డున్నది గద" అన్నాను.

"చుట్టు తిరిగి పోవాలె తాతా. ఇయ్యాల పోతె ఆయన బిడ్డ ఇల్లు ఎక్కడని ఎతుకుతం? నేను ఫోన్ల పడి అడ్రస్ పట్టుకుంట. రేపు పొద్దుగాల పోదం."

ఇంటికి వచ్చేసరికి సంపూర్ణ పడుకుని ఉంది. వంట అక్సా చేసింది. నాతో మాట్లాడకుండా గిన్నె నా ముందు పెట్టింది. సర్వర్‌లో మార్చినవన్నీ తీసేసి పాతదానికి తెచ్చిందట. మళ్ళీ నత్త నడక. ఆ సంగతి దాని నోటితో కాదు, మందుల కౌంటర్ వాళ్ళు చెబితే విన్నాను.

సంపూర్ణ దుప్పటి కప్పుకుని అడిగింది. "దొరికిందా ఆ పిల్ల?"

"లేదు."

"ఏమయ్యా, ఒక మాట."

"రేపు చెప్పు. అలిసిపోయిన."

వాన చలికి దాని చేతులు మంచులా ఉన్నాయి.

ఆగస్టు 16, శనివారం

ములకలపల్లి దాటాక అడవి అంచున ఇల్లు. హాతీరాం అరుగు మీద మంచం వేసుకుని మనవడి చేత కాళ్ళు తొక్కించుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చుని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"మల్లొచ్చిండ్రా? మూడోపారి ఇయ్య. నా రక్తం ఏమన్న బోరింగు నీళ్ళనుకున్నరా?"

"రక్తం ఒద్దు పెద్దనాయినా. ఒక్క మాట చెప్పు" అన్నాడు పగిడయ్య. "మంగళారం లైన్ల నీ ముందర ఎవల చెప్పులున్నయ్?"

"నా ముందరనా? మా తండ బిచ్యా గాడు నా ముందర దూరదామని చూసిండు. నేను దూరనియ్యలే. ఎనక్కి నూకిన."

"అది కాదు. నీ చెప్పులకు ముందర."

"ముసలమ్మవి. రబ్బరు చెప్పులు. ఒక పట్టీకి తీగ చుట్టి ఉండె, సగం ఎర్రది, సగం పసుపుది. ఎవడో గట్టోడు కట్టిండు. ఏం తోచక ఇప్పుదామని చూసిన. ముడి రాలే."

పగిడయ్య ఏదో అడుగుతున్నాడు. నాకు వినపడలేదు.

"పాపం ఆమె నిలబడలేకపోయింది. గోడకు ఒరిగి ఒరిగి జారిపోతున్నది. నేనే నా టువ్వాల పరిచి కూసోమన్న. ఎవలమ్మా నువ్వు అంటె చెప్పలే. మా ఇంటాయనకు తెలిస్తె తిడతడు అన్నది. ఎవడో బుద్ధిలేని మొగడు."

"తాతా" అన్నాడు పగిడయ్య. "ఎవలో ఎరుకైందా?"

"జల్దీ పోనీ" అన్నాను.

బండిలో ఎక్కడికో చెప్పలేదు. వాడు అడగలేదు. బండి చివరికి ఆపింది మా క్వార్టర్ ముందు. నేను ఆపమనలేదు. వాడే ఆపాడు.

గుమ్మం పక్కన చెప్పులున్నాయి. సగం ఎరుపు, సగం పసుపు.

ఆగస్టు 17, ఆదివారం

భద్రాచలం దవాఖానా. ఒక సీసా రక్తం ఎక్కింది. రెండోది ఎక్కుతోంది. గోదావరి ఎంత ఎత్తు వచ్చిందని బయట అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు.

ఆగస్టు 18, సోమవారం

మూడో సీసా కూడా కావాలన్నారు. అక్సా రక్తం ఇచ్చింది, పగిడయ్య ఇచ్చాడు. నాది తీసుకోలేదు. వయసు దాటిందన్నారు.

ఆగస్టు 19, మంగళవారం

రాజ్యశ్రీ డాక్టరమ్మ ఫోన్ చేసి ఇక్కడి డాక్టర్లతో మాట్లాడి నాకు చెప్పింది. మోకాళ్ళకు మింగిన గోళీలు కడుపులో పుండు చేశాయి. కొంచెం కొంచెంగా నెలల తరబడి లోపలే కారిపోయింది. బయటికి కనపడదు. మనిషి తిరుగుతూనే ఉంటుంది, పని చేస్తూనే ఉంటుంది, బాగున్నానంటూనే ఉంటుంది.

నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చెవి పెట్టి పట్టేవాణ్ణి నేను. రాతి గోడ వెనక కారినా పట్టేవాణ్ణి.

సంపూర్ణ పొద్దున కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"తిన్నవా?"

"ఎందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా. లైన్ల చెప్పులు పెడితె నీ ఇజ్జత్ పోతదంటివి. నువ్వు బ్యాటరీల గదిల ఉన్నవని చూసుకోని పోయిన."

"ముప్పై ఒకటి అన్నప్పుడన్న అనుమానం రాలేదా?"

"నాకేం ఎరుక. తండ పిల్ల అని నువ్వే చెప్తివి గద." ఊపిరి తీసుకుంది. "రెండు రాత్రులు ఆ పిల్ల కోసం ప్రార్థన జేసిన. సల్లగ దొరకాలె అని."

నేను బయటికి వచ్చి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాను.

ఆగస్టు 20, బుధవారం

పగిడయ్య వచ్చాడు. మంగళవారం నాటి జనం అందరూ మళ్ళీ వచ్చి రక్తం ఇచ్చారట. హాతీరాం కూడా వచ్చాడట. ఆ ముసలమ్మ ఎట్లుందని అడిగాడట. ఆమె ఎవరో చెప్పావా అని అడిగాను.

"చెప్పిన తాతా. ఆమె మొగడు నువ్వే అని గూడ చెప్పిన."

"ఏమన్నడు?"

"నాలిక కరుసుకున్నడు." నవ్వు ఆపుకుంటున్నాడు. "మల్ల 'ముడి మాత్రం మంచిగేసిండు' అన్నడు."

ఆగస్టు 22, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. ఆ తెల్ల గోళీల డబ్బా నేనే తీసుకెళ్ళి పెంటకుప్పలో పారేశాను. పారేసి వచ్చాక మళ్ళీ వెళ్ళి ఒక్కో గోళీ కాలితో తొక్కాను.

సాయంత్రం అక్సా సర్వర్ గదిలో ఉంటే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. డాక్టరమ్మే మళ్ళీ మార్చమందట. భయపడి పాతదానికి పోతే జనం వరండాలో చీకటి దాకా కూర్చోవాలి కదా అందట.

"మెమొరీ నాలుగో వంతు ఇచ్చుడు మంచిదే నాయినా. దాంతోని ఏం కాలే. అది చదవడానికి. కరెంటు పోయినా డిస్కు మీద అసలుది ఉంటది. ఆ తొట్టి మాత్రం మూసేసిన. ఇప్పుడు డిస్కు మీద రాసినంకనే రాసిన అంటది. జరంత నెమ్మది. ఐనా మునుపటి కంటె నయమే."

"అబద్ధం చెప్పది ఇగ."

"చెప్పది."

నా పెట్టెలో బాయి నాటి తాళం ఉంది. ఎవడైనా యంత్రం మీద పని చేస్తుంటే స్విచ్చుకు తన తాళం వేసుకుంటాడు. తాళంచెవి తన జేబులో ఉంటుంది. ఇంకెవడూ ముట్టకూడదు. అది తెచ్చి బ్యాటరీల స్విచ్చుకు వేశాను. తాళంచెవి అక్సా ముందు బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?"

"బ్యాటరీలల్ల నీళ్ళు పొయ్యాలంటె నీ దగ్గరికొచ్చి అడుగుత. నువ్వు సర్వర్ ఆపినంక చెయ్యి పెడత."

తప్పు నాది అనలేదు. నోరు రాలేదు. అది తాళంచెవి తీసుకుని మెడలో గొలుసుకు తగిలించుకుంది.

"అది సంపు కాదు" అన్నాను.

"అవ్ నాయినా" అంది. ఈసారి తల ఎత్తి అంది.

ఆగస్టు 24, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. సంపూర్ణ ఇంట్లోనే పాట పాడింది, కూర్చుని. బాగున్నానంది. దగ్గరికి వెళ్ళి కంటి కింద రెప్ప లాగి చూశాను, భద్రాచలంలో నర్సు చూపించినట్టు. తెలుపు తగ్గింది. ఎరుపు అని మాత్రం అనలేను.

"బాగున్న అంటున్న గద" అంది.

రోజూ పొద్దున చూస్తాను. తిట్టినా చూస్తాను.

ఆగస్టు 26, మంగళవారం

సంపూర్ణకు మళ్ళీ రక్తం చూడాలి. తెల్లవారుతుండగా దాని చెప్పులు నేనే తీసుకెళ్ళి వరండాలో వరసలో పెట్టాను. మేడం చూసి నేరుగా లోపలికి తీసుకురమ్మంది. వద్దన్నాను. నా ముందు వాళ్ళందరూ వాన దాటి వచ్చారు.

సంపూర్ణను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి చెప్పుల దగ్గర నేను నిలబడ్డాను. వెనక హాతీరాం చెప్పులు. ఆయన నన్ను చూసి మీసం సరి చేసుకున్నాడు.

"ఏం ఖలాసీ సాబ్, నువ్వు గూడ లైన్లకొస్తివి."

"రాకేంజెయ్య. నా ముడి ఇప్పుతవేమో అని కావలున్న."

మా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఈరోజు అక్సానే కూర్చుంది. పేరు చెప్పమంది, ఎవరికీ మినహాయింపు లేనట్టు. చెప్పాను. సంపూర్ణ. టకటకా కొట్టింది. సూది దగ్గరికి పొమ్మంది. నేను కదలలేదు.

"ఎక్కిందా?" అన్నాను.

"ఎక్కింది నాయినా."

"డిస్కు మీదికి పోయిందా?"

"పోయింది."

"చూసి చెప్పు."

వెనక ఎవరో ఏమైందన్నారు. ఎవరో విసుక్కున్నారు. హాతీరాం నా భుజం మీద చెయ్యి వేశాడు. "జరుగు ఖలాసీ సాబ్. నీ ఒక్కనికే ఉన్నదా పెండ్లం, మాకు లేదా?"

అక్సా తెర నా వైపు తిప్పింది. ఆ ఇంగ్లీషు నాకు చదవడం రాదు. దాని ముఖం చదివాను. అప్పుడు జరిగాను.